లిల్లీ కాని లిల్లీ: అగ్నిశిఖ కథ

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో బోద్రీ అనే చిన్న పట్టణం ఉంది. ఆ రాష్ట్ర హైకోర్టు ఇక్కడే ఉంది. పక్కనే చకర్‌భాఠా విమానాశ్రయం, ఇటు పక్క రైలు పట్టాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే బిలాస్‌పూర్ పెద్ద రైల్వే కేంద్రమైంది. రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఉద్యోగాల కోసం ఈ పట్టాల వెంట తెలుగు కుటుంబాలెన్నో వచ్చి ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. మీలో కొందరి తాతగారో, మామయ్యో ఇప్పటికీ అక్కడ ఉండవచ్చు.

వానాకాలంలో మీరు ఆ వైపు వెళితే ఒక పని చేయండి. పొదల అంచులను, పొలం కంచెలను, అడవి మొదలయ్యే చోట్లను కాస్త పరీక్షగా చూడండి. పచ్చని తీగ మీద మంట వెలిగించినట్టు ఎరుపు, పసుపు కలిసిన పువ్వు కనిపించిందా? అదే అగ్నిశిఖ. హిందీలో, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దానిని కలిహారి అంటారు. తెలుగులో అడవినాభి, పొత్తిదుంప అనే పేర్లున్నాయి. తెలంగాణ అడవుల్లోనూ, తూర్పు కనుమల్లోనూ కనిపించే తీగే ఇది. శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా.

ఇంగ్లీషు పుస్తకాలు దీనిని ఒక లిల్లీ అంటాయి. అది నిజమేనా? ఈ చిన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి దాదాపు 250 ఏళ్లు పట్టింది. ఆ జవాబు చెప్పడంలో వృక్షశాస్త్రజ్ఞుల కంటే రసాయన శాస్త్రజ్ఞులే ముందున్నారు. ఆ కథ చెప్పుకునే ముందు మొక్కను చూద్దాం.

ఆకు కొసతో ఎగబాకే మొక్క

తీగ మొక్కలు ఎన్నో రకాలుగా పైకి పాకుతాయి. చిక్కుడు తీగ కాండాన్నే చుట్టుకుంటుంది. కాకర తీగకు ప్రత్యేకంగా నులితీగలుంటాయి. అగ్నిశిఖ పద్ధతి వేరు. దాని ప్రతి ఆకూ కొసకు వచ్చేసరికి సన్నబడి, స్ప్రింగులా చుట్టుకుంటుంది. ఆ కొసే పక్కనున్న కొమ్మను పట్టుకుంటుంది. ఆహారం తయారుచేసే ఆకే నిచ్చెన పని కూడా చేస్తుందన్నమాట! ఇలా ఈ తీగ 3 నుంచి 5 మీటర్ల ఎత్తు వరకు ఎగబాకగలదు.

ఇక పువ్వు సంగతి. మొగ్గ కిందికి వేలాడుతుంది. అది విచ్చుకునేటప్పుడు ఆరు పూరేకులూ వెనక్కి, అంటే ఆకాశం వైపుకు మడుచుకుంటాయి. వాటి అంచులు అలలు అలలుగా ఉంటాయి. అందుకే చూసేవాళ్లకు మంట నాలుకలు గుర్తుకొస్తాయి. రంగు కూడా ఒకేలా ఉండదు. మొదట ఆకుపచ్చ, తరువాత పసుపు, ఆపైన నారింజ, చివరికి ఎరుపు. ఒకే తీగ మీద వేర్వేరు వయసుల పూలు ఉంటాయి కనుక ఈ రంగులన్నీ ఒకేసారి చూడవచ్చు.

పువ్వును పక్క నుంచి చూడండి. ఆరు కేసరాలూ బండిచక్రం ఆకుల్లా పక్కలకు చాచుకుని ఉంటాయి. కీలం మాత్రం అండాశయం దగ్గరే దాదాపు లంబకోణంలో వంగి పక్కకు పోతుంది. ఎందుకిలా? కీలాగ్రం తన పువ్వులోని కేసరాలకు దూరంగా ఉంటే, తన పుప్పొడి తన మీదే పడే అవకాశం తగ్గుతుంది. తేనె కోసం వచ్చిన సీతాకోకచిలుక రెక్కలకు ఒక పువ్వులో పుప్పొడి అంటుకుంటుంది. మరో పువ్వులో ఆ రెక్కలే పక్కకు చాచిన కీలాగ్రాన్ని తాకుతాయి. పరపరాగ సంపర్కానికి ఇంత చక్కని ఏర్పాటు!

నేల కింద నాగలి

వానలు వెనక్కి తగ్గాక తీగ ఎండిపోతుంది. చలికాలం, ఎండాకాలం నేల మీద ఆ మొక్క ఆనవాలే ఉండదు. నేల కింద మాత్రం దుంప నిద్రపోతూ ఉంటుంది. తొలకరి పడగానే దాని కొస నుంచి కొత్త మొలక వస్తుంది. పాత దుంపలోని ఆహారం ఖర్చయిపోతూ ఉంటే, కొత్త దుంప తయారవుతూ ఉంటుంది. అంటే ఏటేటా దుంప మారిపోతుంది, మొక్క మాత్రం బతికే ఉంటుంది.

ఆ దుంప ఆకారం విచిత్రమైనది. రెండు పాయలు ఒక కోణంలో కలిసినట్టు, అచ్చం నాగలిలా ఉంటుంది. సంస్కృతంలో ఈ మొక్కకు లాంగలి అనే పేరు అందుకే వచ్చింది. లాంగలం అంటే నాగలి. ఆ రెండు మాటల పోలిక మీరే గమనించండి. తెలుగులో దీనికి కలప్పగడ్డ అనే పేరు కూడా మొక్కల పేర్ల పట్టికల్లో కనిపిస్తుంది. తమిళంలో కలప్పై అన్నా నాగలే! ఛత్తీస్‌గఢ్‌లో శ్రావణ అమావాస్యనాడు హరేలీ అనే పండుగ జరుగుతుంది. ఆరోజు రైతులు నాగళ్లను కడిగి పూజిస్తారు. ఆ రోజుల్లోనే పొలం గట్టు మీది పొదలో, నేల కింద ఈ చిన్న నాగలి కూడా తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

తెలుగు పేరు అడవినాభిలో ఒక హెచ్చరిక దాగి ఉంది. నాభి, వత్సనాభి అనేవి హిమాలయాల్లో పెరిగే మరొక మొక్క పేర్లు. అది చాలా ప్రమాదకరమైన విషం. ఈ రెండు మొక్కలకూ బంధుత్వం ఏమీ లేదు. ఇది కూడా అలాంటి విషమే సుమా అని చెప్పడానికే మన పెద్దలు దీనిని అడవినాభి అని ఉంటారు. ఆయుర్వేద గ్రంథాలు లాంగలిని ఉపవిషాల జాబితాలో చేర్చాయి.

పేరు పోగొట్టుకున్న పువ్వు

ఈ పువ్వును మనవాళ్లు ఎప్పటి నుంచి ఎరుగుదురు? తమిళ సంగమ సాహిత్యంలో దీనిపేరు కాందళ్. కపిలర్ రాసిన కురింజిప్పాట్టులో కొండప్రాంతపు అమ్మాయిలు ఏరిన పూల పెద్ద జాబితా ఒకటి ఉంది. ఆ జాబితాలో మొట్టమొదటి పువ్వు ఎర్రని కాందళే. నేడు తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా ఇదే.

ఐరోపావారి పుస్తకాల్లోకి ఇది కేరళ మీదుగా వెళ్లింది. 17వ శతాబ్దంలో మలబారు ప్రాంతానికి డచ్చి గవర్నరుగా పనిచేసిన హెన్రిక్ వాన్ రీడ్ అక్కడి మొక్కల మీద ఒక మహాగ్రంథం తయారు చేయించాడు. దాని పేరు హోర్టస్ మలబారికస్. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అది అచ్చయింది. మొక్కల గుణాలు చెప్పినవారిలో ముఖ్యుడు ఇట్టి అచ్యుతన్ అనే మలయాళీ వైద్యుడు. 1688లో వచ్చిన 7వ సంపుటంలో మన అగ్నిశిఖ బొమ్మ ఉంది. పక్కన స్థానికుల నోట విన్న పేరు ఉంది: మెందోని. మలయాళంలో నేటికీ దీనిని మేందోన్ని అంటారు.

సింహళంలో డచ్చి కంపెనీ వైద్యుడిగా పనిచేసి, తరువాత లైడెన్‌లో ఆచార్యుడైన పాల్ హెర్మన్ ఈ మలయాళ పేరుకే కొద్దిగా లాటిన్ వేషం వేసి మెథోనికా అన్నాడు. అంటే వృక్షశాస్త్రంలో ఈ మొక్కకు మొదట స్థిరపడిన పేరు మన దక్షిణాది పేరే!

అయితే స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్‌కు ఇలాంటి పేర్లు నచ్చేవి కావు. ప్రజాతి పేరు గ్రీకు నుంచో లాటిన్ నుంచో రావాలని ఆయన నియమం. 1753లో అచ్చయిన స్పీసీస్ ప్లాంటారమ్ గ్రంథంలో ఆయన దీనికి గ్లోరియోసా సూపర్బా అని పేరు పెట్టాడు. మహిమగలది, దివ్యమైనది అని స్థూలంగా అర్థం. రెండు మాటల పేరుపెట్టే పద్ధతిని మొక్కలన్నిటికీ వర్తింపజేసిన గ్రంథం అదే. కాబట్టి నేటికీ ఆ పేరే చెల్లుతోంది. మెథోనికా అనే మాట పాత పుస్తకాల్లో పర్యాయ పదంగా మిగిలిపోయింది. పొగడ్తగా పెట్టిన పేరే అయినా, దాని కోసం ఒక మలయాళ పేరు పక్కకు తప్పుకోవలసి వచ్చిందని మీరు గుర్తుంచుకోవాలి.

అందరూ అలా చేయలేదు. 1781 నుంచి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు అక్కడే ఒక తోట పెంచాడు. స్థానిక చిత్రకారుల చేత వందలాది మొక్కల బొమ్మలు గీయించాడు. మొక్కల వర్ణనల్లో తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. ఆయన చనిపోయాక 1832లో పూర్తిగా అచ్చయిన ఫ్లోరా ఇండికా గ్రంథం తిరగేస్తే, మన ఊళ్లలో పిలిచే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పలకరిస్తాయి.

ఇంతకీ లిల్లీ అంటే ఏది?

మీ ఊరి పూల దుకాణంలో లిల్లీలు కావాలని అడగండి. తెల్లని, సువాసనగల పూలు తూకం వేసి ఇస్తారు. అవి నేలసంపెంగలు. ఆ మొక్క సొంత ఊరు మెక్సికో. అది లిల్లీ కాదు! చెరువులోని కలువను ఇంగ్లీషులో వాటర్ లిల్లీ అంటారు. అదీ లిల్లీ కాదు. తోటల్లో పెంచే కేసరిచెట్టును క్రైనమ్ లిల్లీ అంటారు. అది కూడా కాదు. లిల్లీ అనేది శాస్త్రం ఇచ్చిన పేరుగా కంటే జనం ఇష్టంగా పిలిచే ముద్దుపేరుగానే ఎక్కువ వాడుకలో ఉంది.

నిజమైన లిల్లీలు లిలియం అనే ప్రజాతికి చెందినవి. అవి చల్లని ప్రదేశాల మొక్కలు. మన దేశంలో హిమాలయాల్లో కొన్ని జాతులున్నాయి. మణిపూర్‌లో ఉఖ్రుల్ దగ్గర శిరుయి కొండ మీద లేత గులాబీరంగు లిల్లీ ఒకటి పూస్తుంది. దానిని 1940లలో ఫ్రాంక్ కింగ్‌డన్-వార్డ్ సేకరించాడు. ఆయన భార్య జీన్ మాక్లిన్ పేరు మీద దానికి లిలియం మాక్లినియే అని పేరు వచ్చింది. అది మణిపూర్ రాష్ట్ర పుష్పం.

దక్షిణాదిన నీలగిరి, పళని కొండల్లో పొడవాటి తెల్లని బాకాల్లాంటి పూలతో మరో నిజమైన లిల్లీ ఉంది: లిలియం నీల్‌ఘెరెన్స్. దానిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన రాబర్ట్ వైట్. ఆయన గ్రంథాలకు బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అనే చిత్రకారులు. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయా అని పేరు పెట్టాడు. ఒక భారతీయ చిత్రకారుడికి ఆ రోజుల్లో దక్కిన అరుదైన గౌరవం అది.

మరి అగ్నిశిఖ? అది లిలియం కాదు. కాని లిలియేసి కుటుంబంలోనిదేనని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. బెంథామ్, హూకర్ 1862 నుంచి 1883 వరకు ప్రచురించిన వర్గీకరణ మన కళాశాలల్లో తరతరాలుగా పాఠంగా ఉంది. దాని ప్రకారం లిలియేసి ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం. ఉల్లి, వెల్లుల్లి, కలబంద, శతావరి, అగ్నిశిఖ అన్నీ అందులోవే. కారణం సులభమే. ఆరు పూరేకులు, ఆరు కేసరాలు, పూరేకులకు పైన ఉండే మూడు గదుల అండాశయం. ఈ గుర్తులుంటే లిలియేసిలో వేసేవారు. కాని ఒకే రంగు చొక్కాలు వేసుకున్నంత మాత్రాన అందరూ అన్నదమ్ములవుతారా?

రసాయనం చెప్పిన చుట్టరికం

ఇప్పుడు ఐరోపా వెళదాం. అక్కడి పచ్చిక బయళ్లలో శరత్కాలంలో కాల్చికమ్ అనే చిన్న ఊదారంగు పువ్వు పూస్తుంది. నల్లసముద్రం తూర్పు తీరంలో, నేటి జార్జియా దేశంలో, పూర్వం కాల్చిస్ అనే రాజ్యం ఉండేది. ఆ పేరు నుంచే ఈ పేరు వచ్చింది. గౌట్ అనే బాధాకరమైన కీళ్లవ్యాధికి ఈ జాతి దుంపలు పనిచేస్తాయని 6వ శతాబ్దంలోనే ట్రాలెస్‌కు చెందిన అలెగ్జాండర్ అనే వైద్యుడు రాశాడు. మన యునానీ వైద్యులు వాడే సురంజాన్ కూడా ఈ కోవలోదే.

1820లో ఫ్రాన్స్‌లో పెలెటియే, కావెంతు అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కాల్చికమ్ నుంచి ఒక క్షారాభాన్ని వేరుచేశారు. మలేరియా మందు క్వినైన్‌ను వేరుచేసింది కూడా ఈ ఇద్దరే, ఆ సంవత్సరంలోనే. 1833లో జర్మనీకి చెందిన గైగర్ దానిని మరింత శుద్ధిచేసి కాల్చిసిన్ అని పేరు పెట్టాడు.

అదే శతాబ్దం చివరి భాగంలో కలకత్తాలో వార్డెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అగ్నిశిఖ దుంపను పరీక్షించాడు. అందులోని విషపదార్థం కొత్తదని భావించి దానికి సూపర్బీన్ అని పేరు పెట్టాడు. కాని 1915లో క్లూవర్, గ్రీన్, ట్యూటిన్ అనే ముగ్గురు మళ్లీ జాగ్రత్తగా పరిశీలించి, అగ్నిశిఖలో ఉన్నది మరేదో కాదు, కాల్చిసినేనని చూపారు.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. కాల్చికమ్ ఐరోపా పచ్చికలో నేలబారున పూసే చిన్న పువ్వు. అగ్నిశిఖ ఉష్ణదేశాల్లో పొదలెక్కే తీగ. చూడడానికి పోలికే లేదు. అయినా రెండూ ఒకే క్లిష్టమైన అణువును తయారుచేస్తున్నాయి. ఆ అణువులో ఏడు కర్బన పరమాణువుల వలయాలు రెండున్నాయి. వాటిలో ఒకటి ట్రోపొలోన్ అనే అరుదైన రకమని 1945లో మైకేల్ డ్యూవర్ సూచించాడు. ఇంత అరుదైన అణువును రెండు మొక్కలు విడివిడిగా కనిపెట్టాయనడం కంటే, ఒకే పూర్వీకుడి నుంచి నేర్చుకున్నాయనడమే సమంజసం కదూ!

వృక్షశాస్త్రజ్ఞులు ఆ దారికి రావడానికి మరికొంత కాలం పట్టింది. కాల్చికేసి అనే కుటుంబం పేరు 19వ శతాబ్దం మొదట్లోనే ఉన్నా, ఎక్కువమంది దానిని వాడలేదు. 1980లలో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు రోల్ఫ్ డాల్‌గ్రెన్, ఆయన సహచరులు పాత లిలియేసిని అనేక చిన్న కుటుంబాలుగా విడదీశారు. తరువాత డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చాయి. ఎ.పి.జి. అని పిలిచే శాస్త్రజ్ఞుల బృందం 1998లో ప్రచురించిన వర్గీకరణలో అగ్నిశిఖ, కాల్చికమ్ రెండూ కాల్చికేసి కుటుంబంలోనే ఉన్నాయి. ఉల్లి ఒక ఇంటికి, కలబంద మరో ఇంటికి, శతావరి ఇంకో ఇంటికి వెళ్లిపోయాయి. నేలసంపెంగ శతావరి ఇంట్లో చేరింది.

అయితే కాల్చికేసి, లిలియేసి రెండూ లిలియేలీస్ అనే ఒకే క్రమంలో ఉన్నాయి. కాబట్టి అగ్నిశిఖ నిజమైన లిల్లీకి సొంత చెల్లెలు కాదు గాని, దూరపు చుట్టం మాత్రం అవుతుంది. మన దేశపు గడ్డిబయళ్లలో వానాకాలంలో మొలిచే ఇఫిజీనియా ఇండికా అనే చిన్న మొక్క దీనికి ఇంకా దగ్గరి చుట్టం. గడ్డిపోచల మధ్య దానిని గుర్తుపట్టడమే కష్టం. అందులోనూ కాల్చిసిన్ ఉంది!

ఇక అగ్నిశిఖలో రకాల మాట. ఆఫ్రికాలోనూ ఈ మొక్క విస్తారంగా పెరుగుతుంది. ఎర్రని రేకులకు పసుపు అంచున్న రకానికి రాత్స్‌చైల్డియానా అని, పూర్తిగా పసుపుగా ఉండే రకానికి లూటియా అని, ఇలా ఒకప్పుడు ఎన్నో వేరువేరు జాతుల పేర్లు పెట్టారు. అవన్నీ ఒకే జాతిలోని రూపాంతరాలని నేడు చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మామిడిలో బంగినపల్లి, రసాలు వేరువేరుగా కనిపించినా రెండూ మామిడే కదా! జింబాబ్వే దేశపు జాతీయ పుష్పం అగ్నిశిఖే. 1947లో ఎలిజబెత్ రాకుమారి ఆ ప్రాంతానికి వెళ్లినప్పుడు, అక్కడి బడిపిల్లలు చందాలు వేసుకుని ఈ పువ్వు ఆకారంలో వజ్రాల పతకం చేయించి కానుకగా ఇచ్చారు.

విభజనను ఆపే విషం

కాల్చిసిన్ ఎందుకు విషం? మన శరీరంలో కణాలు నిరంతరం విభజన చెందుతుంటాయి. కణం రెండు కావాలంటే దానిలోని క్రోమోజోములు ముందుగా రెండు వాటాలు కావాలి. వాటిని చెరోవైపుకూ లాగడానికి కణంలో కండె అనే సన్నని నాళికల ఏర్పాటు ఉంటుంది. ఆ నాళికలు ఒక ప్రోటీన్ ఇటుకలతో కట్టినవి. 1967లో చికాగోలో బొరిసీ, టేలర్ అనే శాస్త్రజ్ఞులు, కాల్చిసిన్ వెళ్లి అతుక్కునే ప్రోటీన్ ఏదో వెతుకుతూ ఈ ఇటుకనే పట్టుకున్నారు. మరుసటి ఏడాది జపాన్ శాస్త్రజ్ఞుడు మోహ్రి దానికి ట్యూబులిన్ అని పేరు పెట్టాడు. కాల్చిసిన్ అతుక్కుంటే ఇటుకలు పేరుకోవు. కండె తయారు కాదు. క్రోమోజోములు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. విభజన మధ్యలోనే ఆగిపోతుంది.

విషం చేసే ఈ పనినే శాస్త్రజ్ఞులు పనిముట్టుగా మార్చుకున్నారు. మనిషి కణంలో 48 క్రోమోజోములున్నాయని 1920ల నుంచి పుస్తకాలు చెప్పేవి. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ త్యో, ఆల్బర్ట్ లెవాన్ కాల్చిసిన్ సాయంతో కణాలను విభజన దశలో నిలిపి, విడివిడిగా లెక్కపెట్టారు. వచ్చినవి 46! 1956లో ఆ ఫలితం అచ్చయింది. మీ పాఠ్యపుస్తకంలోని 46 సంఖ్య వెనుక ఈ విషం చేసిన సాయం ఉంది.

మొక్కల మీద మరో ప్రయోగం జరిగింది. క్రోమోజోములు రెట్టింపయ్యాక కణం విడిపోకుండా ఆగితే, ఒకే కణంలో రెట్టింపు క్రోమోజోములు మిగులుతాయి. 1937లో అమెరికాలో బ్లేక్‌స్లీ, ఎవరీ ఉమ్మెత్త మొదలైన మొక్కల్లో దీనిని సాధించారు. జపాన్‌కు చెందిన కిహారా ఈ పద్ధతితో 22 క్రోమోజోముల పుచ్చను 44కు పెంచి, మళ్లీ మామూలు పుచ్చతో సంకరం చేశాడు. వచ్చిన మొక్కలో 33. బేసి సంఖ్య కనుక జతలు కుదరవు, గింజలు గట్టిపడవు. గింజలేని పుచ్చకాయ అలా పుట్టింది. 1951లో ఆయన ఆ వివరాలు ప్రచురించాడు.

గౌట్ వ్యాధికి కాల్చిసిన్ నేటికీ మందే. కొందరు గుండె రోగుల్లో చాలా తక్కువ మోతాదులో వాడడానికి 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. అయితే మందుకూ విషానికీ మధ్య దూరం ఇందులో చాలా తక్కువ. వైద్యుడు రాసి, కొలిచి ఇచ్చే మాత్ర వేరు, తవ్వి తీసిన దుంప వేరు.

ఇది మరువకండి

అగ్నిశిఖలో ప్రతి భాగమూ విషమే. దుంప, గింజలు మరీ ప్రమాదకరం. దుంపను తినే కందమూలమని పొరబడి తిన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తిన్న కొన్ని గంటలకు విపరీతమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి కాస్త తగ్గి, రోగి కోలుకున్నట్టు కనిపించినా నమ్మకూడదు. పేగుల లోపొర, ఎముకల్లోని మూలుగ నిత్యం విభజన జరిగే చోట్లు కదా! విషం అక్కడ పని చేస్తూనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు, గుండె, రక్తం దెబ్బతినవచ్చు. బతికి బయటపడినవాళ్లకు కొన్నాళ్ల తరువాత జుట్టు రాలిపోవడం కూడా చూశారు. సులభంగా దొరికే విరుగుడు మందు లేదు.

కాబట్టి పువ్వును చూడండి, బొమ్మ గీసుకోండి, ఫోటో తీసుకోండి. నోట పెట్టకండి. పేరు తెలియని దుంపను నిప్పుల్లో కాల్చుకుని తినే సరదా అసలే వద్దు. ఎవరైనా పొరబాటున తింటే నాటు చికిత్సల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మొక్క ముక్క ఒకటి సంచిలో వేసుకుని వెళితే వైద్యుడికి గుర్తించడం తేలికవుతుంది. మన రాష్ట్రాల్లో, ఛత్తీస్‌గఢ్‌లో 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది.

తవ్వితే ఏమవుతుంది?

విషమే అయినా ఈ మొక్కకు గిరాకీ ఉంది. అడవిలో దుంప తవ్వితే ఆ మొక్క పని అంతటితో సరి. చెట్టు కాయ కోసినట్టు కాదు ఇది. మరుసటి వానకు మొలవవలసింది ఆ దుంప నుంచే. గింజ నుంచి పెరిగిన మొక్క పూయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. తవ్వే వేగం పూచే వేగాన్ని మించితే, ఆ పొద అంచున మంట ఆరిపోతుంది.

దీనికి తమిళనాడు రైతులు ఒక దారి చూపించారు. దిండిగల్, కరూర్, తిరుప్పూర్, అరియలూర్ వంటి చోట్ల వాళ్లు అగ్నిశిఖను పొలాల్లో పందిళ్లు వేసి పెంచుతున్నారు. వారికి కావలసింది గింజలు. కాల్చిసిన్ దుంపలో కంటే గింజల్లోనే ఎక్కువ. పంటను ఎగుమతి చేస్తారు. పొలంలో కాయ బాగా పట్టడానికి ఉదయం పూట పుప్పొడిని చేత్తో కీలాగ్రానికి అద్దుతారు. సీతాకోకచిలుక చేసే పనిని మనిషి చేస్తున్నాడన్నమాట. గింజ కోస్తే దుంప నేలలోనే ఉంటుంది, మళ్లీ ఏడాది పూస్తుంది. అడవిలో దుంప తవ్వడానికీ, పొలంలో గింజ కోయడానికీ ఉన్న తేడా ఇదే.

బిలాస్‌పూర్‌కు ఉత్తరంగా రైలు మార్గం కట్నీ వైపు కొండలెక్కుతుంది. ఆ పరిసరాల్లోనే అచానక్‌మార్ అడవులున్నాయి. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా దానిని ప్రకటించారు. పులికి కంచె ఉంది, కాపలా ఉంది. బోద్రీ లాంటి ఊళ్ల పొదల్లో పెరిగే కలిహారికి కాపలా ఎవరు? ఊరు పెరుగుతుంది, రోడ్డు వెడల్పవుతుంది, ముందుగా పోయేది ఊరి చివరి పొదే.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఈ వానాకాలం మీ ఊరి చుట్టుపక్కల అగ్నిశిఖ ఎక్కడెక్కడ పూసిందో ఒక నోటుబుక్కులో రాయండి. ఏ తేదీన మొదటి పువ్వు విచ్చింది, ఎన్ని రోజులకు ఎరుపెక్కింది, ఏ సీతాకోకచిలుక వాలింది. మీ ఊరి పెద్దలు దానిని ఏమని పిలుస్తారో అడిగి, ఆ పేరు కూడా రాయండి. వచ్చే ఏడాది అదే చోటికి వెళ్లి మళ్లీ చూడండి. ఇట్టి అచ్యుతన్ చెప్పిన పేరు ఒక పుస్తకంలోకి ఎక్కింది కనుకనే మూడు వందల ఏళ్ల తరువాత కూడా మనం దానిని వెదికి పట్టుకోగలిగాం. మీ నాయనమ్మ చెప్పే పేరు ఇంకా ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు. దానిని మొదట రాసేవాళ్లు మీరే కావచ్చు.